విప్పని మూత

కిందటి ఏడు తాడేపల్లిగూడెంలో రైలెక్కినప్పుడు, ఏలూరుకు పోతున్న ఒక ముస్లిం ఇల్లాలు నా ఎదుట కూర్చున్నది. ఆమె భర్త గల్ఫుకు పనికి పోతూ, పొరుగువారు తమ బంధువుకిమ్మన్న పచ్చడి డబ్బాను తీసుకొనిపోయినాడట. అందులో గంజాయి దొరకగా అక్కడి జైలులో ఉన్నాడట.

“మూత తీసి చూడవలసింది కదమ్మా!” అన్నాను, కొంత తప్పుపడుతూ.

“నమ్మి ఇచ్చింది విప్పితే వాళ్ళు చిన్నబుచ్చుకోరాండీ? కోర్టులోనూ మా ఆయన అదే చెప్పారంటండీ. జడ్జిగారు నమ్మలేదంట.”

ఆమె ఇల్లు ఏలూరులో నా మిత్రుని వీధిలోనే అని మాటలలో తెలిసింది. నేను విజయవాడ పోవలసినవాడను గనుక, అతనికై తెచ్చిన పూతరేకుల పెట్టెను అతనికిమ్మని ఆమెకు అందించాను.

“ఏమనుకోకండి బాబాయిగారూ” అంటూ ఆమె తాడు విప్పి, అడుగుదాకా చూసి, నాకంటె పొందికగా మరల కట్టింది.

నా మనస్సు చివుక్కుమన్నది. ఎదుటివారికి ఆ నొప్పి కలిగించలేకనే ఆమె భర్త మూత తీయలేదని అప్పుడు గ్రహించాను.