సార్ ఫొటో వెనక

మొన్న పొద్దున్నే తెనాలి నుంచి ఫోన్. "సార్ వెళ్లిపోయారమ్మా," అన్నారు మేడమ్. నిజమేనా అని రెండోసారి అడిగాను. ఆవిడ ఏడ్చారు. ఏం చెయ్యను, ఆయన దగ్గర పని నేర్చుకున్నదాన్ని. దేన్నీ ఒకసారికి నమ్మను.

మా సార్ ఫ్లెక్సీలు, శుభలేఖలు డిజైన్ చేసేవారు. ఇవాళ రేపల్లెలో నా షాపు నడుస్తోందంటే ఆయన చలవే. కంప్యూటర్‌లో ఫొటో, దండ, పేరు ఒకదానిమీద ఒకటి పేర్చి నేను మురిసిపోతుంటే కుర్చీ లాక్కుని కూర్చునేవారు.

"వెనకేముందమ్మాయ్?"

"ఏం లేదండి."

"లేదని నువ్వంటున్నావు. ఫొటో పక్కకి జరుపు."

జరిపితే, పైకి తేవాల్సిన పేరు దండ కింద ఇరుక్కుని కనిపించేది.

ఉత్త అనుమానప్పక్షి. టీలో పంచదార వేశానన్నా గ్లాసు అడుగు చూసేవారు. పాత శ్రద్ధాంజలి ఫైలు తెరిచి, అందులోని మనిషిని తీసెయ్యకుండా పైన కొత్త ఫొటో పెట్టేస్తే మాత్రం మండిపడేవారు. తొందరలో అందరూ చేసేదే. వేమూరు వాళ్లకెవరో అలాగే చేసిస్తే, పై ఫొటో కాస్తా వెనక్కి పోయి, ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన అచ్చయ్యాడట. "పోయినాయనకి మిగిలింది ఆ ఒక్క దండ. అదీ ఇంకోళ్లతో పంచుకోవాలా?" అనేవారు సార్.

ఆయన ఫ్లెక్సీ నేనే చేస్తానన్నాను. కొత్త పేజీ తెరిచి ఫొటో పెట్టాను. జరిపి చూశాను. మళ్లీ పెట్టి, మళ్లీ జరిపాను. వెనక ఏమీ లేదు.

సాయంత్రం తెనాలిలో ఆయన షాపు ముందు కట్టించారు. నీరెండ వెనకనుంచి పడుతోంది. చూద్దును కదా, సార్‌కి మీసాలు! పుట్టి బుద్ధెరిగాక మీసం పెంచని మనిషాయన. ఒళ్లు మండిపోయింది. కట్టినతన్ని పిలిచాను.

"వెనక ఏంటన్నయ్యా?"

"ఏం లేదమ్మా. ఫ్రేముకి పాతదుంటే దానిమీదే కట్టేశాం. కనపడదుగా."

మూల ఎత్తాను. ఎవరో మీసాల పెద్దాయన, మెడలో దండతో నవ్వుతున్నారు.

"రెండూ విప్పన్నయ్యా," అన్నాను. గొణుక్కుంటూనే విప్పాడు. పెద్దాయన్ని కింద పడెయ్యనివ్వకుండా చుట్టి అరుగుమీద పెట్టించి, సార్‌ని మళ్లీ కట్టించాను.

మీసాలు పోయాయి. అయినా అనుమానం తీరక ఫ్రేము చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాను. తెల్లటి ఫ్లెక్సీలో సార్ తిరగేసినట్టు లీలగా కనిపిస్తున్నారు. ఆయన వెనక నా నీడ ఒక్కటే ఉంది.