అత్త మోసిన గొంతులు

పోయిన నెల మా మేనత్త చనిపోయింది. నేను పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. అక్కడ ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. పొద్దున పదింటికి పోయిన మనిషి కబురు నాకు షిఫ్టు దిగాక మూడింటికి తెలిసింది. అప్పటిదాకా మాత్రల డబ్బాల మీద లేబుళ్ళు సరిచూస్తూ కూర్చున్నాను.

మీరు ఆమె ముఖం చూసి ఉండరు. కొండాపూర్ వైపు వాళ్ళయితే గొంతు విని ఉంటారు. మాది తోలుబొమ్మలాడించే ఇల్లు. కంపెనీ అంటే మొత్తం ముగ్గురం. మగబొమ్మలన్నీ మామవి, ఆడబొమ్మలన్నీ అత్తవి, తాళాలు నావి. తెర వెనక ఆమె సీతై ఏడ్చి, మరుక్షణం శూర్పణఖై కేకలు వేసి, మధ్యలో నా వైపు తిరిగి "జల్దీ కొట్టవే, నిద్ర పోతున్నవా?" అని తన సొంత గొంతుతో కసిరేది.

ఆట ఉన్న రోజు చల్లటి నీళ్ళు ముట్టేది కాదు. కోపం వచ్చినా అరిచేది కాదు. మామను తిట్టాలంటే గిన్నెలు ఎత్తి పడేసేది. "గొంతు మనది కాదే బిడ్డా, బొమ్మది. మనం మోస్తం, గంతే" అనేది.

ఆటలు తగ్గాక నేను ఫ్యాక్టరీలో చేరాను. ఒకసారి అక్కడ భద్రతా వారోత్సవాలకు ఆట పెట్టించాను. రావణుడికి పది తలలకూ హెల్మెట్లు ఉండాలన్నాడు సేఫ్టీ ఆఫీసరు. మామ ముఖం మాడ్చుకున్నాడు. అత్త మాత్రం "ఒక్క నెత్తి ఉన్నోడు ఒకటి పెడ్తడు, పది ఉన్నోడు పది పెడ్తడు. తప్పేంది?" అంటూ అట్టలు కత్తిరించి అంటించింది. ఒడిశా నుంచి వచ్చిన కూలీలు పడీపడీ నవ్వారు. తర్వాత హెల్మెట్లు పీకుతుంటే రావణుడి ముఖాల మీద రంగు కూడా లేచి వచ్చింది. నాకు సిగ్గేసింది.

రెండేళ్ళ కిందట మామ పోయాడు. మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఆడించే మనిషి పోతే అతని బొమ్మలను మంజీరలో వదిలేస్తాం. వదిలే ముందు ప్రతి బొమ్మ చేతా దాని గొంతులో దానికంటూ ఉన్న ఒక్క మాట పలికించాలి. మూగగా నీళ్ళలో వేయకూడదు. మామ బొమ్మలన్నిటికీ అత్తే పలికింది. రాముడికి మెత్తగా, రావణుడికి ఛాతీ నింపుకుని, కంట తడి పెట్టకుండా పలికింది. చివరికి నా భుజం పట్టుకుని, "నావి నువ్వే పలకాలె. వచ్చి నేర్చుకో" అంది.

"వచ్చే ఆదివారం వస్త అత్తా" అన్నాను.

ఒక ఆదివారం ఓవర్‌టైం. ఒక ఆదివారం ఒళ్ళునొప్పులు. కొన్ని ఆదివారాలకు ఏ కారణమూ లేదు, బద్ధకం. ఆమె మళ్ళీ అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

పదకొండో రోజు ఆమె బొమ్మలు తీసుకుని తమ్ముడితో మంజీర ఒడ్డుకు వెళ్ళాను. సీతను పైకెత్తి నోరు తెరిచాను. మాట రాలేదు. ఇన్నేళ్ళు పక్కనే కూర్చుని తాళం పడాల్సిన చోటు కోసమే విన్నాను గానీ, మాట కోసం వినలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఫోన్‌లో వెతికాను. ఆ వారోత్సవాలప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళు తీసిన వీడియో ఒక్కటే దొరికింది. అందులో అత్త గొంతు తీసేసి సినిమా పాట పెట్టారు.

"ఏదో ఒకటి అనెయ్యక్కా, ఇగ పోదాం" అన్నాడు తమ్ముడు. ఏదో ఒకటి ఎట్లా అంటాను? ఏడుస్తూ మూట కట్టుకుని వెనక్కి తెచ్చాను. ఇక ఆ మాట చెప్పగలిగేవాళ్ళు భూమ్మీద లేరు. నేర్చుకోవాల్సిన ఒక్కదాన్నీ నేనే.

ఇప్పుడు సీత నా కిరాయి గది కిటికీకి వేలాడుతోంది. పొద్దున ఎండ తోలులోంచి దిగి గోడ మీద ఎర్రగా పడుతుంది. ఫ్యాను గాలికి నీడలో చెయ్యి లేస్తుంది, ఏదో చెప్పబోతున్నట్టు. డ్యూటీ బస్సు వచ్చేదాకా చూస్తూ కూర్చుంటాను. ఎండ పక్కకు జరగ్గానే లేచిన ఆ చెయ్యి లేచినట్టే మాయమైపోతుంది.