పానాల పెట్టె వెనక్కి తెచ్చిన పోలయ్యన్న

నిన్న ఉదయం ఏడూ పదికి ఫోన్ మోగింది. స్క్రీన్ మీద పోలయ్యన్న పేరు.

"వస్తన్నా అన్నా, దార్లో ఉండా" అన్నాను, ఆయన మాట్లాడకముందే.

అవతల ఆయన కూతురు సుజాత.

"అన్నా, నాయన నిద్రలోనే పోయినాడు."

బండిని నేరుగా వాళ్ల ఇంటికి పోనిచ్చాను.

ఆయన గురించి రాయవలసినవి ఒక కాగితం మీద వరుసగా వేసుకున్నాను. ఇరవై రెండు వచ్చాయి. జాబితా లేకుండా నేను ఏ పనీ మొదలుపెట్టనని హార్బర్‌లో మీ అందరికీ తెలుసు. ఇరవై ఒకటి మీకూ తెలిసినవే.

మిగిలిన ఒక్కటి ఇక్కడ రాస్తున్నాను. మా ఆవిడనూ సుజాతనూ అడిగే రాస్తున్నాను.

ఆరేళ్ల కిందటి మాట. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. జువ్వలదిన్నెలో పడవలన్నీ ఒడ్డున, వాటి ఇంజన్లు నా రిపేరు షెడ్డులో. పని కుప్పలుగా ఉంది, చేయి కదలదు. నెలల తరబడి సరైన నిద్ర లేదు, తిండి సయించదు. "నేను లేకపోతే అందరికీ సుఖం" అని రెండు మూడుసార్లు పైకే అన్నాను. విన్నవాళ్లు జోక్ అనుకున్నారు.

కారణం ఇదీ అని ఒక్కటి చెప్పలేను. ఆ కారణాల జాబితా మాత్రం ఎన్నిసార్లు వేసినా పూర్తి కాలేదు.

ఒకరోజు ఉన్నట్టుండి మనసు తేలికైంది. ఒక నిర్ణయానికి వచ్చేశాను గనుక.

ఆ మధ్యాహ్నం నా పనిముట్లలో ఒక్కొక్కదానికి ఒక్కొక్కరి పేరు రాసి చీటీలు కట్టాను. స్పానర్ల పెట్టె మీద పోలయ్యన్న పేరు.

మేము వాటిని పానాలంటాం. నేను వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వను. "మాల్యాద్రిని పానా అడిగినోడు మాల్యాద్రిని కూడా పడవ ఎక్కించుకోవాల" అని హార్బర్‌లో నవ్వుకునేవాళ్లు.

ఆ పెట్టెను నవ్వుతూ ఆయన చేతిలో పెట్టి, "ఉంచుకో అన్నా" అని వచ్చేశాను.

అరగంట కాలేదు. పెట్టె భుజాన పెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. మిగతా చీటీలన్నీ చూశాడు. చేపల ట్రే బోర్లించి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మాల్యాద్రీ, చచ్చిపోదామనుకుంటన్నావా?"

గొంతు పెంచలేదు. అన్నం తిన్నావా అని అడిగినట్టు అడిగాడు.

"ఊరికే ఇచ్చినా అన్నా."

"మా తమ్ముడు గూడా కొత్త వల ఊరికే ఇచ్చినాడు. నవ్వతానే ఇచ్చినాడు. నేను సంతోషంగా తీసుకున్నా. ఎందుకిస్తన్నావురా అని అడగలా. మూడోనాటికి వాడు లేడు. అందుకే నిన్ను అడగతన్నా."

అప్పుడు అవునన్నాను. ఎన్నో నెలల తరువాత ఏడ్చాను.

ఆయన తిట్టలేదు. బిడ్డల మొహం చూడమనలేదు. ధైర్యంగా ఉండమనీ చెప్పలేదు. విన్నాడు.

మధ్యలో ఒక్కసారి మాత్రం చీటీ కట్టిన ఒక పనిముట్టు పట్టుకుని, "ఇది ఆ సీనుగాడికి రాసినావే, వాడికి దీన్ని ఏ పక్క పట్టుకోవాల్నో తెలుసునా?" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను.

"ఇది నా కడుపులో దాచుకోను, మీ ఇంట్లో చెప్తా" అని నాకు ముందే చెప్పి, మా ఆవిడతో మాట్లాడాడు. ప్రమాదకరమైనవి ఏవీ నా చేతికి అందకుండా తీయించాడు. ఆ రోజంతా నన్ను వదిలి కదల్లేదు. తెల్లవారగానే కావలిలో బస్సెక్కించి, నెల్లూరులో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు.

"నాకేమన్నా పిచ్చా అన్నా?"

"ఇంజన్ పొగ కక్కితే నీ కాడికి తెస్తాం గదా. పిచ్చి పట్టిందనా?"

మా దగ్గర పడవ బయలుదేరేముందు, ఎప్పుడు తిరిగొస్తామో ఒడ్డున ఒకరికి చెప్పి పోతారు. ఆ వేళ దాటితే, ఎవరూ అడగకుండానే పక్క పడవ వెతకడానికి బయలుదేరుతుంది. తిరుగు బస్సులో ఆయన ఆ నియమం నాకూ పెట్టాడు.

"రేపు ఎన్నింటికి కనపడతావు?"

"ఏడింటికి."

"దాటితే వెతకతా."

ఆరేళ్లు. మందులు పనిచేశాయి, డాక్టరుతో మాట్లాడటం పనిచేసింది. నేను బాగుపడ్డాను. అయినా ఆయన అడగడం మానలేదు. ఏడు దాటిందంటే ఫోన్. నిన్న నేను ఆయనే అనుకున్నది అందుకే.

మీకు ఒక్క మనవి.

ప్రాణంగా దాచుకున్నదాన్ని ఎవరైనా ఉన్నట్టుండి నవ్వుతూ మీకిస్తే, థాంక్స్ చెప్పి ఊరుకోకండి. అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడకండి, పుట్టదు. అడిగినందుకే నాకు ఊపిరాడింది. అవునంటే ఒంటరిగా వదలకండి. డాక్టరు దాకా తోడు వెళ్లండి. ఫోన్‌లో మాట్లాడటానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ కూడా ఉంది, ఉచితం.

మీకే అలా ఉంటే, నా షెడ్డు మీకు తెలుసు. పానాలు ఇవ్వను. టీ ఇస్తాను, ఎంతసేపైనా వింటాను.

నిన్న సాయంత్రం అంతా అయిపోయాక బయలుదేరుతుంటే, సుజాత గడప దగ్గర ఆపింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"అన్నా, రేపు ఎన్నింటికి?"

"ఏడింటికమ్మా."

ఈ ఉదయం ఏడుకు అయిదు నిమిషాల ముందే షెడ్డు తెరిచాను.

పోలయ్యన్నా, నేను ఒడ్డునే ఉండాను. ఇక నువ్వు వెతకబళ్లేదు. నిమ్మళంగా పడుకో.