తీసేయమన్న పెట్టె

కువైట్‌లో రాయచోటి పర్వీన్ చేసే పని ఒక పెద్ద కంప్యూటర్ల కంపెనీకి కంటగింపు. ఆఫీసుల లెక్కలన్నీ నడిపే ఆ కంపెనీ మెయిన్‌ఫ్రేము కంప్యూటర్లకే తగిలించుకునే, డేటా దాచే పెట్టెల్ని ఆమె పనిచేసే చిన్న సంస్థ తక్కువ ధరకు అమ్ముతుంది. బిగించి చూసుకునే ఇంజనీరు ఆమే.

ఆమె మేనేజరు రామసుబ్బయ్యది కడప. కువైట్‌కు వచ్చిన కొత్తలో ఆయన పెద్ద కంపెనీకి పోటీగా వేరేవాళ్లు కట్టిన మెయిన్‌ఫ్రేములే బాగుచేసేవాడు. పెద్ద కంపెనీకి యంత్రాలు గీసిచ్చిన ఇంజనీరే బయటికొచ్చి, అవే ప్రోగ్రాములు నడిచే యంత్రాలు చవగ్గా కట్టిన సంగతి భోజనాల దగ్గర కథలా చెప్పేవాడు. పెద్ద కంపెనీ ధరలు దించి, కొత్త మోడళ్లు దించి, కొనేవాళ్లను బెదరగొట్టి ఆ పోటీదారుల్ని ఒక్కొక్కరినే ఎలా సాగనంపిందో కూడా.

మొన్న అహ్మది ఊళ్లో పర్వీన్ పెట్టె బిగించిన ఒక కాంట్రాక్టు సంస్థలో, కంప్యూటరు మీద సరుకుల లెక్క నడుస్తూ నడుస్తూ ఆగిపోసాగింది. పెద్ద కంపెనీ మనిషి వచ్చి, తప్పంతా బయటి పెట్టెదే, అది తీసేస్తే తప్ప మాకు బాధ్యత లేదన్నాడు. అక్కడి అధికారి బదర్ తీసేయమన్నాడు.

"తీసేద్దాంలేమ్మా. వాళ్లతో పెట్టుకుంటే ఇంకో ఆఫీసు గడప తొక్కలేం," అన్నాడు రామసుబ్బయ్య.

"అప్పుడూ ఇట్లనే బెదిరిచ్చినారని మీరే చెప్తిరి కద సార్. నేను తియ్యను."

ఆయన ఆఫీసులోనే ఉండిపోయాడు. ఆమె ఒక్కతే బదర్ దగ్గరికి పోయింది. పెద్ద కంపెనీ మనిషి ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

"మా పెట్టె కేబుళ్లు ఇప్పుడే పీకేస్తాను. అదే లెక్క పక్కనున్న వాళ్ల పెట్టె మీద నడిపించండి. నడిస్తే మాది ఎత్తుకుపోతాను. ఆగితే మాత్రం, తప్పెవరిదో ఈయన ఇక్కడే చెప్పాలి," అంది.

వాళ్ల పెట్టె మీదా లెక్క సగంలో ఆగింది. పెద్ద కంపెనీ మనిషి ఫోను పట్టుకుని బయటికి నడిచాడు. వారం తిరక్కుండా వాళ్లే తమ ప్రోగ్రాము సరిచేసుకున్నారు. క్షమాపణ లాంటిదేమీ రాలేదు.

బదర్ గట్టివాడు. ఈ గొడవ చూపించి పెద్ద కంపెనీ చేత ధర తగ్గించుకుని, కొత్త పెట్టెలు వాళ్ల దగ్గరే కొన్నాడు. పర్వీన్ బిగించిన పెట్టెను మాత్రం కదిలించలేదు. ఆమెకు కడుపు మండింది గానీ, ఆ ధర దిగింది తన వల్లేనని తెలుసు.

అక్కడ పనిరోజైన ఆదివారం పొద్దున్నే సిటీలో ఇంకో ఆఫీసుకు బయల్దేరింది. అక్కడా పెద్ద కంపెనీదే రాజ్యం. రామసుబ్బయ్య కారు తలుపు తీసి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఈసారి నేను మాట్లాడతా," అన్నాడు.