నీళ్ళున్న తట్టే తూర్పు

మొన్న సూర్యోదయం చూడాలని పనిగట్టుకుని తెల్లారుజామునే లేచి, సూర్యుడికి వీపు చూపించి నిలబడినా నేను. కావాలని కాదబ్బా! నవ్వకుండా వింటామంటేనే చెప్తా. సునీతా, ముందు ఆ టీ గ్లాసు కింద పెట్టు. పొలమారితే ఆ పాపం నాకొద్దు.

నా సంగతి మీకు తెలిసిందే గదా. మైపాడు పక్కన మా పల్లె బడిలో మూడో తరగతి నుంచి ఐదు దాకా సైన్సూ సోషలూ నేనే చెప్తా. ఆ పుస్తకాల్లో మాటలంటే నాకు పిచ్చి. క్షితిజం, భ్రమణం, ద్వీపం, బాష్పీభవనం... ఒక్కో మాట బోర్డు మీద రాసి, దాన్నే చూస్తా నిలబడిపోతా. క్షితిజం అని రాస్తే చాలు, మనసు కిటికీలోంచి దూకి సముద్రం చివరిదాకా పోతుంది. పిలకాయలు నా కొంగు లాగితేగానీ తిరిగి రాదు.

దిక్కుల పాఠం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తా. దానికి మా ఊళ్ళో పుస్తకం కూడా అక్కర్లేదు. సముద్రం తట్టు తిరగండి, అదే తూర్పు. వీపు తట్టు పడమర. ఎడంచెయ్యి ఉత్తరం, కుడిచెయ్యి దక్షిణం. అంతే, అయిపోయింది పాఠం. మా ఊళ్ళో పెద్దోళ్ళ లెక్కా అదే. బెంచీ మీద చోటు కావాలంటే "కొంచెం సముద్రం తట్టు జరుగు" అంటాం. మా అత్తని ఉప్పు డబ్బా యాడుంది అని అడిగితే "సముద్రం తట్టు అరలో చూడు" అంటుంది. చూస్తే ఉంటుంది కూడా.

ఇంతకీ అసలు విషయం. చుట్టుపక్కల బడుల టీచర్లందరికీ కాంప్లెక్స్ మీటింగ్ జరుగుతుంది కదా, అందులో ఎవరో ఒకరు మోడల్ పాఠం చెప్పాలి. ఎప్పుడూ ఎవరో చెప్తారు, నేను వెనక బెంచీలో కూర్చుని బిస్కెట్లు తింటా. ఈసారి మా హెడ్‌మిస్ట్రెస్ గారు నా పేరు ఇచ్చినారు. ఉద్యోగంలో చేరినాక ఇదే మొదటిసారి. టాపిక్ దిక్కులు. "సూర్యోదయం వీడియోతో మొదలుపెట్టమ్మా, ఎం.ఈ.ఓ. గారు వస్తున్నారు, మన బడి పేరు నిలబెట్టు" అన్నారు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఈ ఒక్క పాఠం బాగా చెప్పి, ఇన్నాళ్ళూ నన్ను ఆ వెనక బెంచీలో చూసినోళ్ళందరి చేతా చప్పట్లు కొట్టించుకోవాలని ఎంత ఆశో నాకు.

ఇంటి ముందే సముద్రం, వీడియో ఎంతసేపు? అట్టా అనుకునే చెడినా. ఒక రోజు మెలకువ రాలేదు. ఒక రోజు మబ్బు. ఒక రోజు అన్నీ కుదిరినాయి, ఎర్రగా, ఇంతలావున లేచినాడు సామి. నేను నోరు తెరుచుకుని చూస్తా ఉండిపోయినా. ఇంటికొచ్చి చూసుకుంటే ఫోను జాకెట్లోనే ఉంది, తియ్యనే లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, మా ఊరి సూర్యుడు నాకట్టా అయినాడు.

అంతలో మా ఆడబిడ్డ మనవడికి చెవులు కుట్టిస్తున్నామని పిలుపొచ్చింది. వాళ్ళది పులికాట్ సరస్సులో ఒక దీవి. ఆదివారం ఫంక్షన్, సోమవారం మధ్యాహ్నం నా మీటింగ్. సోమవారం తెల్లారి అక్కడే సూర్యోదయం తీసేసి, పడవా బస్సూ పట్టుకుని నేరుగా మీటింగుకి పోదామని ప్లాను. శనివారం చీకటిపడ్డాక పడవ దిగినా. ఆదివారమంతా మబ్బు, తుంపర. సూర్యుడు మొహమే చూపించలేదు. సాయంత్రం ఆ ఇంట్లో పిలకాయల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, ద్వీపం అంటే ఏంది, నాలుగు వైపులా నీళ్ళున్న భూమి అని గొప్పగా పాఠం కూడా చెప్పినా. నాలుగు వైపులా నీళ్ళుంటే నా లెక్క ప్రకారం నాలుగు తూర్పులు రావాలి గదా? ఆ ఆలోచన నా బుర్రకి తట్టలేదు.

సోమవారం తెల్లారుజామున లేచి చూస్తే మబ్బు లేదు. మా ఆడబిడ్డ ఇంటి ముందే పడవల రేవు, దాని ముందు కనుచూపుమేర నీళ్ళు. నీళ్ళు కనిపించినాయా, ఇంక నాకు అదే తూర్పు. బోర్లించిన పడవకి ఫోను ఆనించి, వీడియో ఆన్ చేసి, పక్కన నిలబడి చెయ్యి చాపి మొదలుపెట్టినా. పిలకాయలూ, నా ఎదురుగా ఉన్నది తూర్పు. ఇంకాసేపట్లో సూర్యుడు ఇక్కడి నుంచే వస్తాడు. దూరంగా ఆ దీపాలు చూసినారా, వేటకి పోయిన పడవలు. అవి అవతలి ఒడ్డున ఊరి వీధిలైట్లని తర్వాత తెలిసిందిలే.

ఎంత బాగుందో చెప్పలేను. గాలి లేదు. నీళ్ళు కదలడం లేదు. నీళ్ళ చివర బూడిదరంగు, దాని మీద లేత గులాబీ రంగు. అదిగో వచ్చేస్తున్నాడు అనుకున్నా. లోతు లేని చోట ఫ్లెమింగోలు ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతున్నాయి. ఒకటి తల ఎత్తి నన్ను చూసి మళ్ళీ రెక్కలో పెట్టుకుంది. మీటింగు మర్చిపోయినా, ఎం.ఈ.ఓ.ని మర్చిపోయినా. భూమి తిరగతా ఉంది, దాని మీద ఈ నీళ్ళూ, ఈ పక్షులూ, నేనూ అందరం కలిసి నిదానంగా వెలుగులోకి పోతున్నాం, భ్రమణం అంటే ఇదే గదా అనిపించి కళ్ళు చెమ్మగిల్లినాయి. నిజంగా!

కాసేపటికి ఒళ్ళు వెచ్చబడింది. హాయిగా ఉంది. పిలకాయలూ, చలి తగ్గుతోంది, సూర్యుడు దగ్గరికి వచ్చేసినాడు అని ఫోనుకి చెప్పినా. వచ్చేసినాడు, అబద్ధం కాదు. వెచ్చబడింది వీపు మాత్రమేనని నాకు తోచలేదు.

అప్పుడు కనపడింది. ఒడ్డు మీద ఎవరో మనిషి, తాటిచెట్టంత పొడుగు, నీళ్ళలోకి చెయ్యి చాపి నిలబడి ఉన్నారు. ఎవరబ్బా ఇంత పొద్దున్నే అనుకున్నా. నేను చెయ్యి దించితే ఆ మనిషీ దించింది. నీడల పాఠం కూడా నేనే చెప్తానే, నీడ ముందు పడితే వెలుగు యాడుంటుందో నాకు తెలీదా? మెల్లగా తల వెనక్కి తిప్పినా. మా ఆడబిడ్డ వాళ్ళ ఇంటి కప్పు మీద కూర్చుని ఉన్నాడు సామి, నిండుగా, నా పాఠం అయ్యేదాకా ఆగలేక.

మా ఆడబిడ్డ టీ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి చూస్తోందో.

"మీ ఊళ్ళో ఈ తట్టు నుంచి వస్తాడా మే?" అనింది.

సిగ్గుతో చచ్చిపోయినా. ఫోను లాక్కుని సూర్యుడి తట్టు తిప్పితే స్టోరేజ్ ఫుల్ అనింది. పోనీ ఏదైనా తీసేద్దామంటే ఇప్పుడు తీసినా అది ఇంటి కప్పెక్కిన సూర్యుడే గానీ ఉదయించే సూర్యుడు కాదు. రేవులో పడవ రెడీగా ఉంది. పడవవాళ్ళు పిలుస్తున్నారు. మీటింగ్ ఆ మధ్యాహ్నమే.

పడవలో కూర్చుని జ్వరమొచ్చిందని చెప్దామా అనుకున్నా. మళ్ళీ వెనక బెంచీ, మళ్ళీ బిస్కెట్లు గుర్తొచ్చినాయి. లాభం లేదు, పోయిన పరువు ఎటూ పోయింది, పాఠమన్నా దక్కించుకుందాం అనుకున్నా. బస్సులో మొత్తం కొత్తగా ఆలోచించుకున్నా.

మీటింగ్ నెల్లూరు తట్టు లోపలికి ఉండే ఒక బడిలో. ముందు వరసలో ఆ బడి నాలుగో తరగతి పిలకాయలు, వెనక టీచర్లందరూ, పక్కన ఎం.ఈ.ఓ. గారు. టీవీలో బొమ్మ బాగా కనపడాలని కిటికీలన్నీ మూసేసినారు, వెనకదాకా వినపడాలని నా మెడలో చిన్న మైకు తగిలించినారు. నేను పొద్దుటి వీడియోనే వేసేసినా, ఒక్క ముక్క కూడా కొయ్యకుండా. టీచర్ ఎక్కడ తప్పు చేసిందో కనిపెట్టండి అని పిలకాయలకి చెప్పినా. నీడ కనపడగానే గదంతా గోల. ఒక్కొక్కరు లేచి, టీచర్ సూర్యుడు మీ వెనకాల ఉన్నాడు, టీచర్ అది పడమర, అని నాకు పాఠం చెప్పినారు. వెనక టీచర్లు కళ్ళు తుడుచుకుంటా నవ్వుతున్నారు. నీళ్ళని చూసి కాదు, సూర్యుణ్ణి చూసి దిక్కు తెలుసుకోవాలని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ముగించినా. చప్పట్లు మోగిపోయినాయి. మా హెడ్‌మిస్ట్రెస్ గారి మొహం వెలిగిపోతోంది. నా జన్మకి అది చాలు అనుకున్నా.

ఎం.ఈ.ఓ. గారు కూడా లేచి నిలబడి మెచ్చుకున్నారు. తప్పుని పాఠంగా మార్చడం అందరికీ రాదమ్మా అన్నారు. తర్వాత పిలకాయల తట్టు తిరిగి, నవ్వుతా అడిగినారు.

"మరి ఇప్పుడు మీ టీచర్ గారు ఈ గదిలో ఉత్తరం ఎటో చూపిస్తారు. అందరూ అటు తిరగండి."

పిలకాయలందరూ లేచి నిలబడి నన్నే చూస్తున్నారు. నేను ఠీవిగా చెయ్యి ఎత్తినా. ఎత్తిన చెయ్యి ఎటు చాపాలో తెలియడం లేదు. కిటికీలు మూసున్నాయి. సూర్యుడు లేడు, నీడ లేదు. ఎడమకి చూసినా, కుడికి చూసినా. మెల్లగా ఎం.ఈ.ఓ. గారి దగ్గరికి పోయి, ఎవరికీ వినపడకుండా అడిగినాననుకున్నా. మెడలో మైకు ఉన్న సంగతి మర్చిపోయినా.

"సార్, ఇక్కడికి సముద్రం ఎటుందో అదొక్కటి చెప్పండి, మిగతా దిక్కులు నేను చెప్తా."