రెండో చేతి గాజులు

స్టాకు అంటే ఏమిటో మా గైడు గారు నాకు నా గాజులతోనే నేర్పారు. పుష్‌డౌన్ ఆటోమేటన్ అనేది కాగితం మీద మాత్రమే బతికే యంత్రం. దాని జ్ఞాపకమంతా ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతర. చివర పెట్టింది ముందు తీయాలి, మధ్యలోంచి లాగడానికి వీల్లేదు. దాన్నే స్టాకంటారు. "నీ ఎడం సెయ్యి సూడమ్మా. ఆకర్న ఏసుకున్న గాజే కదా ముందు తీత్తావు," అన్నారాయన మొదటి పాఠంలో. ఎర్ర గాజు ఒక గుర్తు, పచ్చ గాజు ఇంకో గుర్తు. అన్నిటికంటే వెనక ఉండే బంగారు గాజు ఎప్పటికీ తీయను కనక అది స్టాకు అడుగు. పెళ్ళయినదాని చెయ్యి బోసిగా ఉండకూడదన్న మా అత్తగారి పట్టింపు ఈ శాస్త్రానికి ఎంత చక్కగా పనికొచ్చిందో ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు.

నా థీసిస్‌లోని యంత్రానికి స్టాకుతో పాటు ఇంకో చిన్న ఏర్పాటు ఉంది. ఒక అంకెను పెంచుతుంది, తగ్గిస్తుంది, సున్నాకి వచ్చిందో లేదో చూస్తుంది. దాన్ని మేం 'కొలత' అనేవాళ్ళం. ఇలాంటి యంత్రం దేన్నిచ్చినా, దానికిచ్చే అక్షరాల వరసల్లో దేనికైనా అది ఏనాటికైనా 'సరే' అంటుందా, అననే అనదా అని ముందుగా తేల్చే పద్ధతి కనిపెట్టానని నా నాలుగో అధ్యాయం. మిగతా అధ్యాయాలన్నీ దానికి నౌకర్లు. స్టాకుని ఎడమచేతి మీద నడిపేదాన్ని, కొలతని కుడిచేతి వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకునేదాన్ని.

తొంభైల చివర్లో, థీసిస్ ఇచ్చేముందు జరిగే సెమినార్ రోజు. ఆ నెలాఖరుకి గైడు గారి రిటైర్మెంటు. ఆయన తర్వాత డిపార్టుమెంటులో ఈ శాస్త్రం తెలిసినవాళ్ళు లేరు. ఆయన దగ్గర చేరినవాళ్ళంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలంటూ మధ్యలోనే వెళ్ళిపోయారు. చివరికి మిగిలింది నేనే. ఈ రోజు గట్టెక్కితే ఆయన సంతకం పెట్టి రిటైరవుతారు. లేకపోతే నేను దిక్కులేని విద్యార్థిని, ఆయన ఒక్క థీసిస్ కూడా చేయించని గైడు.

దువ్వాడలో బస్సెక్కాను. పోర్టు రోడ్డు మీద ఇనుప ఖనిజం లారీలు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. ఊరికే కూర్చుంటే కంగారు పెరుగుతుందని, సెమినార్‌కి బయటి నుంచి వచ్చే పరీక్షకుడు అడగొచ్చనుకున్న ఒక పెద్ద ఉదాహరణ మొదలుపెట్టాను. కొలత పెరుగుతూ పోయింది. కుడిచేతి పన్నెండు కణుపులూ అయిపోయాయి. ఇంతకుముందు ఎప్పుడూ అంత దూరం వెళ్ళే ఉదాహరణ తీసుకోలేదు. సరేలే అని, కుడిచేతి మట్టిగాజులన్నీ తీసి ఒళ్ళో పోసుకుని, ఒక్కొక్కటే ఎక్కిస్తూ లెక్క సాగించాను.

పక్కన ఖాళీ చేపల గంపతో కూర్చున్న ఆవిడ చాలాసేపు చూసింది. "ఏటమ్మా, ఎక్కించుకుంటన్నావా, తీసేత్తన్నావా?" అంది.

"రెండూనమ్మా," అన్నాను.

"రెండు సేతులూ బోసిగా సేసుకోకు తల్లీ."

రెండు చేతులూ. తల దించి చూసుకున్నాను. కుడిచేతికీ వెనకాల ఒక బంగారు గాజుంది. అది కూడా అడుగే, అక్కడిదాకా తీస్తే కొలత సున్నా. అంటే కుడిచెయ్యి కూడా స్టాకే. ఒక యంత్రానికి రెండు స్టాకులిస్తే, రెండోదాంట్లో ఒకే రంగు గాజులున్నా సరే, అది కంప్యూటరు చేయగలిగిందంతా చేసేస్తుంది. అలాంటిదాని గురించి ముందుగా తేల్చి చెప్పే పద్ధతి ఉండనే ఉండదని ఈ చదువులో మొట్టమొదట నేర్పుతారు. నా సిద్ధాంతం తప్పు. కణుపులు పన్నెండుతో ఆగిపోతాయి గనక ఇన్నాళ్ళూ నిజంలా కనిపించింది. నేను రాసిన కొలతకి మాత్రం హద్దే లేదు. దాన్ని కొలత అనకుండా, పుస్తకాల్లోలా కౌంటర్ అని పేరు పెట్టి ఉంటే ఇద్దరం ఏనాడో ఉలిక్కిపడేవాళ్ళం.

డిపార్టుమెంటు వరండాలో ఆయన టీ తాగుతున్నారు. గాజులు చూపిస్తూ గబగబా చెప్పేశాను. ఆయన కప్పు వరండా గోడ మీద పెట్టేశారు.

"ఆయన నాలుగో అజ్జాయం అంత లోతుగా సదవనేదు," అన్నారు చివరికి, లోపల కూర్చున్న పరీక్షకుడి గురించి. "ఇయ్యాల్టికి రాసింది రాసినట్టు సెప్పీ. తరవాత సూసుకుందాం."

నాకు ఒళ్ళు మండింది. 'ఒకవేళ' అన్న ఒక్క మాట వదిలేశానని పేజీకి పేజీ కొట్టేసిన మనిషి ఆయన. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే అక్కడే కడిగేసేదాన్ని. ఆయన ముఖం చూశాక జాలేసింది. జాలి పడ్డందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

సెమినార్లో మొదటి మూడు అధ్యాయాలూ ఎలా చెప్పానో నాకే తెలియదు. ప్రొజెక్టర్ మీద నాలుగో అధ్యాయం షీటు పెట్టాను. పరీక్షకుడు మెచ్చుకుంటున్నట్టు తలాడించారు. గైడు గారు కిటికీ వైపు చూస్తున్నారు. ఒక్క వాక్యం చదివేస్తే అయిపోతుంది.

"ఈ సిద్ధాంతం తప్పండి," అన్నాను.

పరీక్షకుడు ముందుకు వంగారు. "ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున్న బస్సులో."

చేతులు చాచి, గాజులతో చూపించాను. ఆయన ఆసాంతం విని, "ఈ కొలతకి ఏదైనా నిబంధన పెడితే నిలబడుతుందా?" అని అడిగారు.

"నిలబడుతుందేమోనండి. రుజువు లేదు."

"అయితే ఈ రోజు నేను ఒప్పుకోలేనమ్మా."

గైడు గారు లేచి ప్రొజెక్టర్ ఆపేసి బయటికి వెళ్ళిపోయారు. ఆయన వీడ్కోలు సభలో నేను వెనక వరసలో నిలబడ్డాను. దండ వేయడానికి ముందుకెళితే, "ఆరోగ్యం జాగర్త," అని మాత్రం అన్నారు.

ఆ తర్వాత ఏళ్ళకి ఏళ్ళు పట్టింది. రుషికొండ దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, లెక్కల డిపార్టుమెంటులో ఒక గైడుని బతిమాలుకుని, మళ్ళీ మొదలుపెట్టాను. కొలత ఎంతైనా పెరగొచ్చు, కానీ తగ్గడం మొదలైతే మళ్ళీ పెరగకూడదు. ఆ నిబంధన పెడితే నా పద్ధతి నిలిచింది. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి వైవా జరిగింది. అది బహిరంగంగా జరుగుతుంది, చివర్లో ఎవరైనా ప్రశ్న అడగొచ్చు.

వెనక వరసలోంచి చెయ్యి లేచింది, మా పాత గైడు గారిది. సొంతూరు పద్మనాభం నుంచి బస్సులో వచ్చినట్టున్నారు, చొక్కా నలిగిపోయి ఉంది. నేను పిలవలేదు. పిలిచే ధైర్యం లేకపోయింది.

"కొలత ఒకపాలి దిగడం మొదలెడితే మళ్ళీ ఎక్కుతాదా?"

"ఎక్కదండి."

"అలగయితే నిలబడతాదా? రుజువుందా?"

"ఉందండి."

ఆయన కూర్చోలేదు. "ఆ రోజు నువ్వు సెప్పకపోతే నాను సంతకం ఎట్టీసేవోణ్ణమ్మా," అన్నారు, అందరూ వింటుండగా.

సభ అయ్యాక థీసిస్ ప్రతి తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. మొదటి పేజీలో గైడు పేరుండే చోట ఇంకొకరి పేరుంది. ఆయన ఆ పేజీ తిప్పేసి, నాలుగో అధ్యాయం తీసి, అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టారు.