పక్కనుంచి చూసినా కనబడాలి

మొన్న మెకానిక్కు వచ్చి, గోడమీది మా ప్లాస్మా టీవీ వెనకాల తలదూర్చి, కాసేపు అదీ ఇదీ నొక్కి, ఇంక దీనికి సామాన్లు దొరకవండీ అని చేతులెత్తేసిన దగ్గర్నుంచీ నా బుర్ర పనిచెయ్యడం లేదు. కొత్తది చూద్దామని కొట్టుకెళితే ఏవేవో పేర్లు చదివారు, ఒక్కటి అర్థమైతే ఒట్టు. అసలు ప్లాస్మాకీ ఎల్‌సీడీకీ తేడా ఏమిటో నాకు ఈనాటికీ సరిగ్గా తెలీదు, ఇంక ఇవెక్కడ!

అప్పుడు మాత్రం తెలిసి కొన్నానా? గరివిడి ఫ్యాక్టరీలో రిటైరై, క్వార్టర్సు ఖాళీచేసి, రాజాంలో కట్టుకున్న ఇంట్లోకి దిగిన కొత్త. క్వార్టర్సులో బతికినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా లైనులో మొదట టీవీ కొన్నది మేమే కావడంతో, ఆదివారం సాయంత్రం సినిమాకి చాపలు పరిచి, ముందు పిల్లల్నీ వెనక పెద్దవాళ్ళనీ సర్ది, చోటు చాలక గుమ్మంలో ఆగిపోయినవాళ్ళని కూడా పేరుపేరునా లోపలికి లాగేది మా ఆవిడ. సినిమా ఎక్కడ చూసేది, ఆ జనాన్నే చూసుకుని మురిసిపోయేది. అలాంటి మనిషికి కొత్త వీధిలో పలకరించే దిక్కు లేకపోయింది. ఏ ఇంటి తలుపు చూసినా వేసే ఉండేది. రోజంతా నా మొహమే చూసి చూసి పాపం చిక్కిపోయింది, నిజం చెప్పొద్దూ, నాకు భయం కూడా వేసింది.

చివరికి తనే తేల్చేసింది. పెద్ద టీవీ కొంటే వీధి వీధంతా దానంతటదే వస్తుందట.

కొట్టులో రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. ప్లాస్మాలో నలుపు నలుపులాగే ఉంటుందన్నాడు సేల్స్‌మాన్. మరి నలుపు ఇంకెలా ఉంటుంది? ఎల్‌సీడీ కరెంటు తక్కువ తాగుతుందన్నాడు, బొమ్మ వేగంగా పరిగెడితే చెదురుతుందనీ తనే అన్నాడు. తోడుకి వచ్చిన మా బావ, ప్లాస్మా పెనంలా వేడెక్కుతుందని చెవిలో ఊది, మరుక్షణం ఆ రంగులు చూసి, కొంటే ఇదే కొనాలన్నాడు. ముప్పయ్యేళ్ళు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర నిలబడ్డవాణ్ణి, ఆ ఏసీ కొట్టులో చెమట్లు కక్కేశాను.

మా ఆవిడ ఇవేవీ చెవిన పెట్టలేదు. ఎడమ గోడకి ఆనుకుని చూసింది, కుడి గోడ దగ్గరికి పోయి చూసింది, చివరికి నేలమీద చతికిలబడి కూడా చూసింది. సేల్స్‌మాన్ నోరెళ్ళబెట్టాడు. ఆవిడ ఎల్‌సీడీ వైపు చెయ్యి విదిలించి, "ఇది పక్కనుంచి సూస్తే ఎలిసిపోతన్నాది బాబూ, గుమ్మంలో కూకున్నోళ్ళకి ఏటి కనిపిస్తాది? ఆ ప్లాస్మాయే ఇచ్చీయి" అంది. ధర ఎక్కువైనా అదే తెచ్చాం.

ఆ ఆదివారం గడపగడపకీ వెళ్ళి పిలిచింది, జంతికలు వండింది, చాపలు దులిపి పరిచింది. వచ్చారు, మర్యాదస్తులే. టీ తాగి, బొమ్మ బ్రహ్మాండంగా ఉందండీ అని మెచ్చుకుని, ప్రకటనలు రాగానే ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. కాసేపటికి మేం చూస్తున్న సినిమా మాటలే పక్కింటి కిటికీలోంచి కూడా వినిపించాయి. మిగిలిన జంతికలు నేనే నములుతూ కూర్చున్నాను.

నిన్న పాలకొండ నుంచి మా అమ్మాయి వచ్చింది. తల్లి పక్కనే కూర్చుని ఫోనులో ఏదో చూసి పకపకా నవ్వుతుంటే, అదేమిటో చూద్దామని మా ఆవిడ ఆశగా తల వంచింది. "నల్లగా ఉన్నాది, ఫోను గానీ పోయిందేటే?" అంది. పోలేదమ్మా, పక్కవాళ్ళకి కనబడకుండా పైన అద్దం వేయించాను, ఎక్కువ డబ్బులిచ్చి మరీ అంది పిల్ల. మా ఆవిడ ఓహో అని కొంచెం వెనక్కి జరిగి కూర్చుంది.

పక్కవాళ్ళకి కనబడాలని డబ్బు పోసిన మనం వెర్రివాళ్ళమో, కనబడకూడదని పోస్తున్న వీళ్ళు తెలివైనవాళ్ళో, ఎంత ఆలోచించినా నాకు తెగడం లేదు. ఇంతకీ ఏ టీవీ తెద్దామే అని రాత్రి అన్నాల దగ్గర మా ఆవిణ్ణే అడిగాను.

"ఏదైతేనేటి, మనిద్దరమే గదా, ఎదురుగానే కూకుంటాం" అంది.